ఉగ్గుగిన్నెతో నూనె తాగిన ఇంజను

కొత్త సిల్వర్ పెయింటు వాసన తగిలితే నాకు ఒళ్లు మండుతోంది, మొన్న శనివారం నుంచీ. ఆఫీసు వాళ్లతో కలిసి హైదరాబాదు నుంచి బాపట్ల బీచికి వచ్చి, ఒక రిసార్టులో దిగి, ఫోను పట్టుకుని అందరికంటే ముందు ఫోటోలకు మంచి చోటు వెతుక్కుంటూ వెళ్లాను. కొబ్బరిచెట్ల మధ్య సిమెంటు దిమ్మె మీద, ఒళ్లంతా వెండిరంగు పూసిన పెద్ద ఇంజను కనిపించింది. యుద్ధ ట్యాంకు ఇంజనుతో సెల్ఫీ దిగమని పక్కనే బోర్డు. ఇద్దరు కుర్రాళ్లు దాని మీదెక్కి కాళ్లు ఊపుతున్నారు. నేనూ ఫోను ఎత్తాను. తెర మీద దాని ఎడమ పక్కన, అంచులు సరిగా రాని అట్టులాంటి వెల్డింగు అతుకు కనిపించింది. అది మా బాబాయి వేసిన అతుకు. ప్లగ్గులు ఉండాల్సిన ఎనిమిది రంధ్రాల్లో ఒక్క ప్లగ్గూ లేదు. రంగురంగుల సీరియల్ బల్బులు గుచ్చారు.

సముద్రం అంత దగ్గర్లో పెట్టుకుని, ఆ రంధ్రాలు తెరిచి, లోపలికి ఉప్పుగాలి పోనిచ్చి, పైన లైట్లు. వాళ్లకు అది అలంకారం. మా ఇంట్లో ప్లగ్గు రంధ్రం తెరిచి వదిలెయ్యడం ఎంత పాపమో తెలియాలంటే తెనాలిలో మా బాబాయి షెడ్డు చూసి ఉండాలి.

వేసవి సెలవులకూ దసరా సెలవులకూ నన్ను తెనాలి పంపేవాళ్లు. కాలవ ఒడ్డున నాన్నమ్మ ఇల్లు, ఇంటి వెనక రేకుల షెడ్డు. వేసవిలో ముంజలు తిన్న వేళ్ల జిగురు, ఆవకాయ కలిపిన రోజు ఇల్లంతా ఘాటు, మధ్యాహ్నం రేకులు కాగి టిక్కుటిక్కుమనే చప్పుడు, నిజాంపట్నం నుంచి మరమ్మతుకు వచ్చిన బోటు ఇంజన్లకు అంటుకున్న చేపల వాసన, దాని మీద కిరసనాయిలు వాసన, ఆ రెంటి మీదా నాన్నమ్మ వెలిగించిన అగరొత్తుల వాసన, అన్నీ కలిసి ఉండేవి. ఊళ్లో పిల్లలంతా గాజు గోళీలు ఆడితే నేను పాత బేరింగుల్లోంచి రాలిన ఉక్కు గుండ్లతో ఆడేదాన్ని. నా గుండు తగిలితే వాళ్ల గోళీ పగిలేది. అందుకే నన్ను ఆటలోకి రానిచ్చేవాళ్లు కాదు. నేను పోట్లాడేదాన్ని.

మా ఇంట్లో కోపం బాబాయిది, నాది. ఉప్మాలో ఉప్పు ఎక్కువైతే పళ్లెం పెరట్లో ఉండేది. ఆయన దగ్గర పనిచేసేవాళ్లకు స్పానరు ఏ వైపు నుంచి వస్తుందో ముందే తెలిసేది. అలాంటి మనిషి ఒక ఏడాది ట్రాక్టరు ట్రక్కులో ఆ ఇంజన్ని తెచ్చాడు. ఎప్పటిదో యుద్ధంలో తిరిగిన ట్యాంకులోది. మిలటరీ వాళ్లు వదిలించుకుంటే రేపల్లె దగ్గర బియ్యం మిల్లు వాళ్లు కొన్నారట. ఊరికి కరెంటు రాకముందు దాంతోనే మిల్లు ఆడించి, మోటార్లు వచ్చాక ఊక గుట్టలో పడేశారు. మేం కడుగుతుంటే లోపల్నుంచి గుప్పిళ్లకొద్దీ ఊక వచ్చింది. బాబాయి నవ్వి, యుద్ధం నుంచి వచ్చి వడ్లు దంచుకు బతికిందన్నాడు.

అది బిగుసుకుపోయి ఉంది. పిస్టన్లు తుప్పుతో సిలిండర్లకు అతుక్కున్నాయి. రోజూ పొద్దున కాఫీ తాగాక బాబాయి కిరసనాయిలూ నూనే కలిపి ప్లగ్గు రంధ్రాల్లో పోసేవాడు. డబ్బాతో పోస్తే సగం బయటికే పోతోందని, ఒకరోజు లోపలికి వెళ్లి నాన్నమ్మ పెట్టెలోంచి ఉగ్గుగిన్నె తెచ్చాడు. చిన్న ముక్కున్న ఇత్తడి గిన్నె, నేను పుట్టినప్పుడు నాకు ఉగ్గు పోసింది. నాన్నమ్మ చూసి గుండెలు బాదుకుంది.

"ఒరేయ్, పిల్లకి ఉగ్గు పోసిన గిన్నెరా అది. ఆ దరిద్రప్పనికి అదే దొరికిందా నీకు?"

"ఇదీ పిల్లేలే అమ్మా. దీనికీ లోపల బిగుసుకుపోయింది."

ఆవిడ కాసేపు తిట్టి, ఇంకాసేపు నిలబడి చూసి, చివరికి గిన్నె లాక్కుంది. "అట్టా గుమ్మరిస్తే పొలమారుద్ది. ఓరగా పట్టుకుని పొయ్యాలి" అని గిన్నె ముక్కుని ప్లగ్గు రంధ్రం అంచుకు ఆనించి తనే పోసి చూపించింది. ఆ రోజు నుంచి ఆ గిన్నె షెడ్డుదే. పోశాక వేపచెక్క బిరడాలు బిగించడం నా పని. దుమ్ము పోకూడదు, తడి పోకూడదు, మధ్యలో ఎవరు పిలిచినా ముందు బిరడా, తరవాతే పలకడం.

ఎన్ని రోజులు పోసినా అది కదల్లేదు. ఇంజన్ని తిప్పే పెద్ద చక్రం, ఫ్లైవీలు, దాని పళ్లలో బాబాయి ఇనపకడ్డీ పెట్టి మెల్లగా ఒత్తి, రాకపోతే వదిలేసేవాడు. నాకు ఒళ్లు మండి ఒకరోజు ఆయన చూడకుండా కడ్డీకి వేలాడి ఊగాను. వెనక నుంచి వచ్చి చెయ్యి పట్టుకుని దింపాడు. వీపు చిట్లుతుందనుకున్నాను. కొట్టలేదు.

"కోపం వస్తే మనుషుల మీద చూపించవే. తిరిగి తిడతారు, లెక్క సరిపోద్ది. ఇనుముకి నోరు లేదు, ఇరిగిపోద్ది."

పళ్లేలు విసిరే మనిషి అన్నాడా మాట. వానలు మొదలవుతుండగా, నా బడి తెరిచే ముందు, కడ్డీ వెంట్రుకవాసి కదిలింది.  బాబాయి నాన్నమ్మని పిలిచి చూపించాడు, అంతే.

ఆ దసరాకు ఆయుధ పూజ రోజున దాన్ని నడిపాడు. పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కట్టి, గుమ్మడికాయ కొట్టి, పులిహోర గారెలు నైవేద్యం పెట్టాక మీట తిప్పాడు. మొదట దగ్గింది, తరవాత నల్లగా పొగ కక్కింది, ఆ తరవాత ఒక్కసారిగా లేచింది. గొట్టాల చివర నీలం మంట. రేకులు అదిరాయి, బిందెల్లో నీళ్లు వణికాయి, కాలవ అవతల కాకులన్నీ లేచిపోయాయి, నేను నిలబడ్డ నేల నా కడుపులోకి వచ్చింది. ఎదురింటాయన తిట్టడానికి వచ్చి ఆ మోతలో ఆయన తిట్టు ఆయనకే వినపడక గారె తిని వెళ్లాడు. అప్పట్నుంచి ప్రతి దసరాకూ అంతే. పండగంటే నాకు పెట్రోలు వాసనా, పులిహోర ఇంగువ వాసనా కలిసి రావాలి.

కాలవ పక్క రోడ్డు వెడల్పు చేసినప్పుడు షెడ్డు పోయింది. బాబాయి మోకాళ్లు అప్పటికే పోయాయి. ఆ రిసార్టు ఓనరు ఆయనతో చదువుకున్నవాడు. ఇంటికొచ్చి కాఫీ తాగి, నీడలో పెడతాననీ, ప్రతి దసరాకూ నడిపిస్తాననీ, బిడ్డలా చూసుకుంటాననీ మాటిచ్చి పట్టుకెళ్లాడు, ఏ ఊరికో నేను అడగనే లేదు. బిడ్డలా. కన్నబిడ్డ నోట్లో సీరియల్ బల్బులు గుచ్చుతాడా?

శనివారం మధ్యాహ్నమే ఆఫీసు వాళ్లను వదిలేసి తెనాలి వెళ్లిపోయి బాబాయి ముందు అరిచాను. ఫోటోలు చూపించాను, వీడియో చూపించాను, నాతోపాటు ఆయనా అరవాలని చూశాను. ఆయన రెండు వేళ్లతో ఫోటో పెద్దది చేసి ఒక్కో రంధ్రం చూశాడు.

"సరే, అరిచావు. తిరుగుద్దా?"

"ఏంటి?"

"కడ్డీ పెట్టి చూశావా లేదా అంటున్నాను."

చూడలేదు. అన్ని ఫోటోలు తీశాను గానీ, తిప్పి చూడలేదు. ఆయన బీరువాలోంచి ఒక గుడ్డసంచి తీసిచ్చాడు. అందులో వేపచెక్క బిరడాలు. నాన్నమ్మ పోయిన తరవాత ఆవిడ వస్తువులతో పాటు దాచిన ఉగ్గుగిన్నె.

ఆదివారం ఆ సంచీ, ఇనపకడ్డీ, కిరసనాయిలూ నూనే కలిపిన డబ్బా పట్టుకుని మళ్లీ రిసార్టుకి వెళ్లాను. బల్బులు ఒక్కొక్కటే పీకాను. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"మేడమ్, లైట్లు తీసేస్తే సాయంత్రం కస్టమర్లకి ఏం చెప్పాలండీ నేను?"

"ఇది ఇంజను అని చెప్పండి."

కడ్డీ పెట్టి ఒత్తాను. కదల్లేదు. చుట్టూ మూగినవాళ్లు వీడియోలు తీస్తున్నారు. కడ్డీకి వేలాడాలని నా చేతులు లాగేశాయి. ఫోను తీసి బాబాయికి చెప్పాను, కదల్లేదని.

"అప్పుడు మాత్రం మొదటిరోజే కదిలిందేంటే? పోసి, బిరడాలు పెట్టి రా. వచ్చే ఆదివారం చూద్దాం."

ఫోను జేబులో పెట్టి, గిన్నె ఓరగా పట్టుకుని పోశాను. షెడ్డు లేదు, రేకుల చప్పుడు లేదు, ఇంగువ వాసన లేదు, పొలమారుతుందని తిట్టే మనిషి లేదు. కాకులు లేచిపోయేంత మోత ఈ తీరంలో ఎవరి చెవికీ గుర్తులేదు. ఎనిమిదో బిరడా బిగించాక మేనేజరు వైపు తిరిగాను. అతని మీదా, ఫోనులో వాళ్ల ఓనరు మీదా గొంతు పోయేదాకా అరిచాను, ఇంకొక్క బల్బు కనిపిస్తే చూడండని. వాళ్లూ తిట్టారు, లెక్క సరిపోయింది. ఇంజను మీద మాత్రం చెయ్యి గట్టిగా వెయ్యలేదు.