వాసన చూసే ఆమె

మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమె ముందుగా కుళాయి నీళ్లు దోసిట్లో పట్టి వాసన చూసేది. "ఏందే, అత్తరా అవి?" అని ఎగతాళి చేసేదాన్ని. "మీ నీళ్లకు ఏ వాసనా లేదమ్మా. గదే చూస్తున్న" అనేది.

సత్తుపల్లి దగ్గర మా ఊరు పట్నంగా మారుతున్న రోజులు. మా వీధికి రెండు గంటలు నీళ్లు వచ్చేవి. వాళ్ల గుడిసెలకు పావుగంట, అదీ మురుగు మోరీలో మునిగిన పగిలిన పైపు నుంచి. బాగుచేయించమని ఆమె మొత్తుకుంటే, "మోరీ పక్కనుంటే మోరీ వాసనే వస్తది" అని నవ్వాడు వాల్వు తిప్పేవాడు.

మనవరాలు వాంతులు, విరేచనాలతో దవాఖానాలో పడిన రోజు, ఆమె ఆ నీళ్ల బకెట్‌తో మా వీధికి వచ్చింది. వాల్వు దగ్గరున్న అతని జుట్టు పట్టి మొహాన్ని అందులో ముంచింది.

"తాగురా. నా పిల్ల గివే తాగింది."

బకెట్ అంచుకు తగిలి అతని ముక్కు పగిలింది. మా వీధి మగవాళ్లు కర్రలందుకున్నారు. ఆమె చెయ్యి విరిగిన చప్పుడు మా వరండాలోకి వినిపించింది. ఇప్పటికీ ఆమెను రాక్షసి అంటారు మావాళ్లు. అననివ్వండి, కర్రలెవరివో నాకు తెలుసు. అందరితో వాదించే నా నోరు ఆరోజు పెగల్లేదనీ తెలుసు.

పోలీసులు వచ్చేలోగా ఆమెకు చెంబుతో నీళ్లిచ్చాను. కర్ర దెబ్బకు నెత్తురు కారుతున్న తన ముక్కుతోనే వాసన చూసింది. తాగలేదు.

"మంచిగున్నయమ్మా. జల్దీ దవాఖానాకు తీస్కపో. పిల్లకు తాపు."