మామ్మ వెతికిన నీళ్ళు

మా దోనె మామ్మ పోయిందని నాన్న మా హాస్టల్ గేటు దగ్గర నిలబడి చెప్పాడు. మిరప బస్తాల లారీలో గుంటూరు యార్డుకు వచ్చి, పని చూసుకుని, అటునుంచి అటే వచ్చాడు. చొక్కా నిండా మిరప ఘాటు. "మీ మామ్మ పోయిందమ్మా. నీకు పరీక్షలని కబురు చెయ్యలేదు" అన్నాడు. నా కళ్ళలో నీళ్ళు ఘాటుకో కబురుకో తేల్చుకోలేక కాసేపు రోడ్డు వంక చూసి, బస్సు టైమైందంటూ వెళ్ళిపోయాడు.

ఈ కాలేజీ పత్రిక చదివే మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. పొట్టి మనిషి. ఎండకు కమిలిన భుజాలు, ఎప్పుడూ మోకాళ్ళ పైకి ఎగదోపిన చీర. నాకు చుట్టం కాదు, మా పెరటి పంచలో అద్దెకుండేది. ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. కాని కొన్ని మాటలు నాకు ఆమె దగ్గరే వచ్చాయి. ఆమె లేకుండా వాటిని ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

ఆమెది కొల్లేటి లంక, చేపలు పట్టి బతికిన మనిషి. భర్త పోయాక, ఉన్న ఒక్క కొడుకు చిలకలూరిపేటలో పత్తి జిన్నింగు మిల్లులో పనికి కుదిరితే, వాడి వెంట ఆ పక్కనే ఉన్న మా ఊరు వచ్చింది. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను. లారీలోంచి సామాను దింపుతుంటే వీధి వీధంతా చేరింది. ట్రంకు పెట్టె, నులక మంచం, గిన్నెలు, అన్నిటికన్నా అడుగున ఒక తాటి దోనె. తాటిమాను మొదలు నరికి, లోపలంతా తొలిచి చేసిన చిన్న పడవ అది. ఒక్క మనిషి కూర్చుంటే నిండిపోతుంది.

మా పక్కింటి పెదనాన్న ఊరుకుంటాడా.

"ఏం మామ్మా, పత్తిచేలో పడవ పందేలు పెడతావా?"

"పెడతాలే అయ్యా. ముందు నీ చేలో మోకాటిలోతు నీళ్ళు పెట్టించు."

మర్నాడు పొద్దున్నే నన్ను పట్టుకుంది. "ఏమే బుల్లీ, మీ ఊళ్ళో నీళ్ళెక్కడున్నాయే?"

"బావిలో."

నడుం పట్టుకుని నవ్వింది. "తాగే నీళ్ళు కాదే పిచ్చిదానా, తిరిగే నీళ్ళు!"

కొడుక్కి ఆమె తిరగడం ఇష్టం లేదు. "ఇంకా చేపలెందుకే అమ్మా? నేను తెస్తన్నాగా, కూర్చుని తిను" అనేవాడు. "కూర్చుని తినడానికి నేనేమన్నా పెళ్ళికొచ్చానంట్రా? దోనె వేసుకునే చోటు దొరికితే ఇక్కడ బతుకుతాను. దొరక్కపోతే ఈ మంచం మీద పడి ఉంటాను" అనేది. మాట తేలిగ్గానే అనేది. చివరికి సరిగ్గా అలాగే జరిగింది.

ఆదివారాలు ఆమె వెంట తిరగడం నాకు అలవాటైంది. మంచినీళ్ళ చెరువులో దోనె దించడానికి పంచాయతీ వాళ్ళు ఒప్పుకోలేదు. వాగు దగ్గరికి వెళితే ఇసుక తప్ప ఏమీ లేదు. సాగర్ కాలవ చూడగానే నాకైతే ఇక వెతుకులాట అయిపోయిందనిపించింది. ఆమె గట్టు మీద కూర్చుని చాలాసేపు చూసి, "ఇది నీళ్ళు కాదే, ఎక్స్‌ప్రెస్ బస్సు. మనూళ్ళో ఆగదు" అని లేచింది.

ఎక్కడికి వెళ్ళినా ముందు కూర్చునేది. తవుడు ముద్ద చేసి విసిరి, నీటిపైకి ఏం లేస్తుందో చూసేది. ఒడ్డున బురద వేలితో తీసి వాసన చూసేది. నేను తొందరపడితే "ఊరికే చూడబాకే, ఆగి చూడు" అనేది. మేము నీళ్ళు అనే ఒక్క మాటతో సరిపెట్టుకునే చోట ఆమెకు పాయ, మడుగు, ఊట, సుడి, నిలవ అన్నీ వేరువేరు. ఇంటికి వస్తూ వాటిని ఎక్కాల్లాగా వల్లించేదాన్ని. చదువుకున్న పాఠాల్లో ఏదీ నాకంత తియ్యగా ఉండేది కాదు.

చోటు చివరికి కాలవ పక్కనే దొరికింది. కట్ట పోయడానికి ఎప్పుడో మట్టి తవ్విన పెద్ద గుంట. కాలవ ఊటతో ఎండాకాలంలో కూడా నీళ్ళుండేవి. చుట్టూ జమ్ము. మామ్మ తవుడు విసరకముందే నీళ్ళ మధ్య బుడగ లేచి, గుండ్రంగా పగిలింది. "కొర్రమీను. ఊపిరి పీల్చుకోడానికి పైకొచ్చిందే" అని గుసగుసగా చెప్పి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పెదనాన్న బండి మీదే దోనెను అక్కడికి చేర్చాం. దారంతా ఆయన ఎద్దుల్ని అదిలిస్తూ, "మామ్మా, లైసెన్సుందా?" అని ఏడిపించాడు. దోనె నీళ్ళలో దిగాక, వీధిలో ఆయాసపడుతూ నడిచే మనిషి నీటి మీద అలవోకగా తిరుగుతుంటే చూస్తూ ఉండిపోయాం.

ఒకరోజు ఎర్రటి మరకలాంటిది ఒకటి నీటిమీద కదలడం నేనే ముందు చూశాను. కొర్రమీను పిల్లలట. గుంపుగా పైన తిరుగుతాయి, తల్లి కిందనే కాపలా ఉంటుంది. గాలం వెయ్యమన్నాను. "పిల్లల తల్లిని పట్టుకుంటారటే? రేపు ఇవన్నీ ఎవరికి చెప్పుకుంటాయి?" అని దోనె పక్కకు తిప్పేసింది.

ఆ గుంట పత్తిచేలకు దగ్గర. పురుగుమందు కొట్టే రోజులు రాగానే రైతులు డ్రమ్ములతో దిగారు. గుంట ఒడ్డునే మందు కలిపి, పంపులు అందులోనే కడిగేవారు. మామ్మ ఒక్కొక్కరినీ బతిమాలింది. "కట్ట మీద కలుపుకోండయ్యా. మీరు దిగొద్దు, నీళ్ళు నేను తోడిస్తాను." అన్నట్టే బిందెలతో మోసి డ్రమ్ములు నింపింది. కొన్నాళ్ళు విన్నారు. ఆ ఏడు తెల్లదోమ వచ్చింది. ఆకులు జిగురుపట్టి నల్లబడ్డాయి. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. ఇక ఎవరికీ ఎవరి మాటా వినే ఓపిక లేకపోయింది. మళ్ళీ పంపులు గుంటలోనే కడిగారు, వాళ్ళలో మా నాన్న కూడా ఉన్నాడు.

చేపలు తేలాయని కేక వినపడి ఊరు ఊరంతా గంపలతో పరుగెత్తింది. నేనూ అమ్మా కూడా వెళ్ళాం. తెల్లటి పొట్టలు పైకి తిరిగి గుంట నిండా చేపలే. చిన్న పిల్లలు చేత్తో ఏరుతున్నారు.

"మంచి చోటే చూశావు మామ్మా, వల కూడా అక్కర్లేదు!" అని ఎవరో అరిచారు.

మామ్మ దోనెలో నిలబడి రెండు చేతులూ జోడించింది. "తినబాకండయ్యా! మందు తాగిన చేపలు. మీకు దండం పెడతాను!"

"అన్నీ తనే అమ్ముకుందామనేగా ఈ ఏడుపు?" అంది ఒకావిడ.

మామ్మ ఒడ్డుకొచ్చి మా అమ్మ చేతిలో గంప లాక్కుని బురదలో బోర్లించింది. అమ్మ తిట్టింది. ఆ కూర తిన్న ఇళ్ళలో వాంతులయ్యాయి, ప్రాణాలు పోలేదు. నాన్న చాలాసేపు గట్టు మీద కూర్చుని, "పురుగు చావలేదు, చేపలు చచ్చాయి" అన్నాడు. ఆ సంవత్సరం మాకు పత్తీ లేదు.

తర్వాత కూడా మామ్మ వెతికింది. నేనూ వెళ్ళాను. అయితే ఈసారి కూర్చోవడాలు లేవు, తవుడు ముద్దలు లేవు. ఏ నీళ్ళ దగ్గరికి వెళ్ళినా అక్కడున్న రైతును ఒకటే అడిగేది: "ఇక్కడ మందు కలుపుతారా అయ్యా?" వాళ్ళు ఆశ్చర్యంగా చూసేవారు. "కలపకపోతే ఎట్టా మామ్మా?" ఒక సాయంత్రం అలాగే విని, వెనక్కి తిరిగి, ఇల్లు చేరి మంచం ఎక్కింది. మళ్ళీ వెతకలేదు.

దోనెను మాత్రం పెరట్లోకి తెప్పించుకుంది. గేదెలకు కుడితి తొట్టిగా ఇమ్మని పెదనాన్న అడిగితే ఇవ్వలేదు. రోజూ సాయంత్రం లోపలా పైనా నీళ్ళు చల్లేది. ఎండితే మాను పగులుతుందట. "ఎప్పుడన్నా దించేదుంటే కదా మామ్మా?" అని నేనొకసారి అనేశాను. "ఉండదే బుల్లీ. నాకు తెలుసు" అంది, చెంబు ఆపకుండా.

నిన్న ఇంటికి వెళ్ళాను. ఆమె ఆఖరి నెలంతా జ్వరంతో మంచం మీదే ఉందట. ఎండలు మండిపోతున్నాయి. దోనెకు నీళ్ళు పోయాలని ఎవరికీ తోచలేదు. పంచ ఖాళీ చేసి పోతున్న ఆమె కొడుకు మంచం విప్పుతూ, "దోనె తీసుకుపోలేనమ్మా, పొయ్యిలోకన్నా పనికొస్తుందేమో చూడండి" అన్నాడు.

బావిలోంచి బిందెడు నీళ్ళు తోడి దోనెలో పోశాను. ఎండిన మానులోంచి ఒక్కసారిగా చేపల వాసన లేచింది, ఇంకా పచ్చిగా. మొదలు నుంచి చివరిదాకా పగులు ఒకటి పారి ఉంది. దాని గుండా నీళ్ళు చడీచప్పుడూ లేకుండా మట్టిలోకి దిగిపోయాయి. ఇంకో బిందె తెచ్చేసరికి లోపల తడి కూడా అంచుల నుంచి ఆరుతూ వస్తోంది. అదీ పోశాను.