పెద్దనాయన చూసిన జర్మనీ జనరల్

పోయిన వారం టమాటా నారు కోసం చింతామణి సంతకు వెళ్తే, ఒక పక్కన ఎద్దుకు లాడాలు కొడుతున్నారు. ఎద్దును పడుకోబెట్టి, కాళ్లు కట్టేసి, గిట్ట చెక్కుతున్న ముసలాయన చేతుల వంకే చూస్తూ నిలబడిపోయాను. నారు సంగతి మరిచేపోయాను. నాకు గుర్తొచ్చింది మా పెద్దనాయన, ఆయన చెప్పే జర్మనీ జనరల్.

పెద్దనాయన మా నాన్నకు అన్న. బాగేపల్లి దగ్గర రాగులూ వేరుశనగా పండించే ఇంట్లో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పటాలంలో చేరాడు. తుపాకీ ఇస్తారనుకుంటే కంచరగాడిదను ఇచ్చారు. బండ్లు ఎక్కలేని కొండల మీదికి గుండ్లూ తిండీ మోసే గాడిదల దళం అది. ఓడలో ఇటలీకి తీసుకుపోయారు. మంచును మొదటిసారి చూసినప్పుడు ఎవరో ఉప్పు ఆరబోశారనుకున్నాడట. ఆయన వంతుకు వచ్చిన గాడిద ఎప్పుడు నడవాలో ఎప్పుడు ఆగాలో తానే నిర్ణయించేదట. "అచ్చం మీ పెద్దమ్మే" అనేవాడు, పెద్దమ్మ పక్కనే కూర్చుని అనపకాయలు ఒలుస్తుండగా. ఆమె తల కూడా ఎత్తేది కాదు.

యుద్ధం ముగిశాక వాళ్ల గాడిదలను ఒక పెద్ద బంగళా పెరట్లో కట్టేశారు. మేడ మీద ఒక జర్మనీ జనరల్ ఖైదులో ఉన్నాడు. కొండల్లో పోరాడే దళాలకు అధిపతి. సన్నగా ఉండేవాడట, కొంచెం కుంటేవాడట. పొద్దున పూట నడవడానికి ఆయనను పెరట్లోకి దించేవారు. ఆ రోజుల్లోనే పెద్దనాయన గాడిద కాలు మోపలేకపోయింది. కుంటి గాడిదను కాల్చేయాలని పై నుంచి ఆజ్ఞ. పశువుల డాక్టరు జాడ లేదు. మూడో రోజు జనరల్ గాడిద దగ్గర ఆగి, కాలు చూసి, చాకు ఇమ్మని సైగ చేశాడు. ఖైదీకి చాకు ఇస్తే ఇచ్చినవాడి పని అయిపోయినట్టే. పెద్దనాయన గాడిద వంక చూశాడు, కాపలా సిపాయి వంక చూశాడు. ఆ పంజాబీ మహానుభావుడు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. పెద్దనాయన చాకు ఇచ్చేశాడు. జనరల్ బురదలో మోకాళ్ల మీద కూర్చుని, గిట్టను ఒళ్లో పెట్టుకుని, చెక్కి, చీము పిండి, లోపల దిగిన రాతి ముక్క తీశాడు. చాకును తన ప్యాంటుకే తుడిచి, పిడి ముందుకు పెట్టి తిరిగి ఇచ్చాడు.

అప్పటినుంచి రోజూ కాసేపు మాటలు సాగేవి. జనరల్‌కు ఇంగ్లిషు వచ్చు, దళంలోని ఒక మద్రాసు గుమాస్తా పెద్దనాయనకు అర్థం చెప్పేవాడు. జనరల్ పుట్టింది కొండ కింద పల్లెలో. మొదటి ప్రపంచ యుద్ధంలో కుర్ర అధికారిగా ఇలాంటి గాడిదల వెంటే నడిచాడు. మంచుకు రెండు కాలివేళ్లు పోయాయి. ఆ యుద్ధం ఓడాక, మిగిలిన చిన్న సైన్యంలోనే ఉండి ఏళ్ల తరబడి కుర్రవాళ్లకు తాడు పట్టి కొండ ఎక్కడం నేర్పాడు. ఈ యుద్ధంలో మెట్టు మెట్టుగా జనరల్ అయ్యాడు. దేశం తర్వాత దేశం తిరిగి, చివరికి ఆకలితో ఉన్న తన మనుషులను ఊరికే చంపించలేక లొంగిపోయానన్నాడు. ఒకరోజు లారీలో తీసుకుపోయారు. పోయే ముందు గాడిద మెడ తట్టాడట.

చాలా నెలల తర్వాత, ఇంటికొచ్చే ఓడ కోసం ఎదురుచూస్తుండగా గుమాస్తా పేపరు చదివి చెప్పాడు. యుద్ధం నడుస్తుండగా తన సిపాయిల మీద ఎవరో తుపాకీ పేల్చారని జనరల్ కొన్ని కొండ ఊర్లను కాల్చేయమని సంతకం పెట్టాడు. ముసలివాళ్లనూ పిల్లలనూ వదల్లేదు. కోర్టు జైలుశిక్ష వేసింది. "ఆయప్పేనా?" అని పెద్దనాయన మూడుసార్లు అడిగాడట. ఫోటోలో ఉన్నది ఆయనే.

నేను కైవార దగ్గర మేష్ట్రుగా ఉన్న రోజుల్లో, స్వాతంత్ర్య దినోత్సవానికి పెద్దనాయనను మా బడికి పిలిచాను. గాడిద కథకు పిల్లలు మురిసిపోయారు. ఇక చాలన్నట్టు నేను లేచి చప్పట్లు కొట్టాను. ఆయన కూర్చోలేదు, కాలిన ఊర్ల సంగతి కూడా చెప్పాడు. హెడ్‌మేష్ట్రు నా వంక చూసిన చూపు నాకింకా గుర్తు. తిరిగొచ్చే బస్సులో అడిగేశాను.

"గాడిద కథతో నిలిపింటే బాగుండు గదా పెద్దనాయనా. పిల్లోల్ల ముందర అదంతా యాల?"

ఆయన కిటికీలోంచి చూస్తూ నెమ్మదిగా అన్నాడు. "ఆయప్ప చేసిన మంచి నేను కండ్లారా చూసినా, చెప్తాండా. ఆ ఊర్లల్లో చూసినోళ్లు ఎవురూ మిగల్లేదప్పా. వాళ్ల మాట ఎవురు చెప్పల్ల?"

మళ్లీ ఆయనే అన్నాడు. "గిట్ట పట్టిందీ ఆ చేతులే, సంతకం పెట్టిందీ ఆ చేతులే. ఇన్నేండ్లయినా నాకు ఆ రెండూ ఒక మనిషివని అనిపించల్యా."

నేను ఆయన వంక తిరిగైనా చూడలేదు, అంత కోపంగా ఉన్నాను. పెద్దనాయన పోయి ముప్పై ఏళ్లు దాటింది. చూసినవాళ్లను కాలం ఒక్కొక్కరినే తీసుకుపోతుంది. చెప్పే పని విన్నవాళ్ల మీద ఎప్పుడు పడిందో మనకు తెలియనే తెలియదు.