మెరిసిన తీగలు

నిరుడు ఫిబ్రవరిలో, కెనడాలోని గ్వెల్ఫ్‌లో నేను పనిచేసే వాద్యాల రిపేర్ షాపులో, హెలెన్ గారు తెచ్చిన చెల్లో పెట్టె మూత ఎత్తాను. తీగలు మెరుస్తున్నాయి.

చెల్లో అంటే కూర్చుని కాళ్ల మధ్య నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్. ఇది బరోక్ రకం. మూడు వందల ఏళ్ల కిందటి పద్ధతిలో ఆవిడ భర్త పోయేముందు తన చేత్తో చేసింది. అలాంటి వాటికి గట్ స్ట్రింగ్స్, అంటే గొర్రె పేగులతో చేసిన తీగలే వేస్తారు. అవి మెరవవు. గదిలో గాలి మారితే చాలు శ్రుతి తప్పుతాయి, ఊరికే తెగుతాయి. స్టీలు తీగలు కుదురుగానే ఉంటాయి గానీ, వాటి లాగుడు ఆ పల్చటి చెక్క మోయలేదు.

చిన్న అద్దం, లైటు లోపలికి పెట్టి చూశాను. తీగలు ఆనే బ్రిడ్జి కింద పైచెక్క కుంగిపోయింది. దాని పక్కనే పొడుగ్గా బీట.

హెలెన్ గారికి అప్పటికే తెలుసు. కీళ్లనొప్పులతో అమ్మ మాటిమాటికీ శ్రుతి చేసుకోలేకపోతోందని, ఆవిడ ఊళ్లో లేనప్పుడు కొడుకు పాల్ ఈ స్టీలు తీగలు వేశాడట. సంతోషపెడదామనే.

తెరిచి అతికించవచ్చు, కానీ పైచెక్కకి లోపల దన్నుగా ఉండే బార్, పైచెక్కలో చాలా భాగం కొత్తవి వెయ్యాలి, ఆ గొంతు మాత్రం రాదు అని చెప్పాను.

"అయితే వద్దు. ఆయన చెక్కింది తీసేశాక ఇంకెవరి చెల్లో వాయించను?" అంది.

తర్వాత మెల్లగా అడిగింది, "పాల్‌తో హీటర్ వల్ల పగిలిందని చెప్తావా? ఇక్కడ చలికాలంలో చెక్క పగలడం మామూలే కదా."

సరేనన్నాను. నాకూ ఇద్దరు పిల్లలు.

పాల్ కారు పార్క్ చేసి లోపలికి వచ్చాడు. నా తీగల వల్లేనా అని ముందే అడిగాడు. కాదు, హీటర్ వేడికి గాలి పొడిబారి అన్నాను. అతని భుజాలు తేలికపడ్డాయి.

"బతికించారు. నాన్న చేసిన వయోలాకి కూడా నిన్ననే స్టీలు వేశాను."

వయోలా వయొలిన్ కన్నా కాస్త పెద్దది, దాని చెక్కా అంతే పల్చన. హెలెన్ గారు బల్ల అంచు పట్టుకుంది. నాకిక దారి లేదు.

"ఇప్పుడే ఇంటికెళ్లి వాటిని వదులు చెయ్యండి," అన్నాను. ఎందుకో చెప్పాను.

అతను తల్లి వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"తెలుసు."

వయోలా దక్కింది. హెలెన్ గారు మాత్రం మళ్లీ వాయించలేదు. చర్చిలో ఆవిడతో కలిసి వాయించే ముగ్గురూ ఇంకొకరిని వెతుక్కున్నారు. చెల్లో తీగల్లేకుండా మా వెనక గదిలో ఉంది. తల్లి ఇంట్లో బల్బు మార్చాలన్నా పాల్ ఇప్పుడు ముందుగా అడుగుతాడట. చెల్లో పోయిన దానికన్నా అదే భరించలేనని ఆవిడ ఫోన్‌లో చెప్పింది.

దయతో చెప్పిన అబద్ధం ఆ మధ్యాహ్నం రెండో వాద్యాన్ని కూడా తీసుకుపోయేది. ఈ పనిలో నేను నేర్చుకున్నది అదే. అయినా నిజం చెప్పి నేను ఎవరిని కాపాడానో ఇప్పటికీ తెలియదు. పిల్లలు పడుకున్నాక అదే ఆలోచన.

పాల్ వచ్చి వెళ్లిన ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున కార్న్‌ఫ్లేక్స్ తింటూ, ఆ పెద్ద వయొలిన్ బాగుచేశావా అని మా అమ్మాయి ఇంగ్లీషులో అడిగింది.

"లేదమ్మా," అన్నాను. "ఇద్దరూ వినండి. మీరేం పాడుచేసినా నాకు చెప్పండి. నేను పాడుచేస్తే మీకు చెప్తాను. తప్పు హీటర్ మీదకి నెట్టొద్దు."

"హీటర్ ఏం చేసింది?" అన్నాడు చిన్నవాడు.

"ఏమీ చెయ్యలేదు నాన్నా."