గుండ్రని గుమ్మంలో గుంట

పాత గోడ మీద నీళ్లు చల్లగానే తడిసిన సున్నం వాసన వస్తుంది. ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు మల్లయ్య మేస్త్రి గుర్తొస్తాడు. డెబ్బైల్లో ఒమన్‌లోని బహ్లాలో నాకు పని నేర్పినవాడు ఆయన. ఊళ్లోనే అన్నీ నేర్చేసుకుని వచ్చానని అప్పట్లో నా ధీమా.

మాకు దొరికిన సైట్ పాతకాలపు వర్తకుల ఇల్లు. వాళ్ల ముత్తాత ఓడలో చైనా వెళ్లి, అక్కడి తోటల మీద మనసు పడి, ఖర్జూర చెట్ల మధ్య అలాంటిదే వేయించాడట. వంకరలు తిరిగే కాలువ, దాని మీద చిన్న వంతెన, పూర్ణచంద్రుడిలా గుండ్రని గుమ్మం. చుట్టూ సిమెంటు మేడలు లేస్తున్నా దీన్ని ఉన్నదున్నట్టు నిలపాలని వారసుల పట్టుదల.

గుమ్మంలో కాలు మోపే చోట గుంట పడి ఉంది. మేస్త్రి సామానుకని హమ్రియా బజారుకు వెళ్లినప్పుడు నేను దాన్ని సున్నంతో పూడ్చి అద్దంలా నునుపు చేశాను. శభాష్ అంటాడని ఎదురుచూశాను.

అది ఆరాక ఒక సాయంత్రం ఇంటి పెద్దాయన వచ్చాడు. చూపు పోయి ఏళ్లయినా రోజూ ఒంటరిగానే తోటలోకి వెళ్లేవాడు. ఆ గుంటలో మడమ ఆనించి తిరిగితే వంతెన తిన్నగా ఎదురొచ్చేది. ఆరోజు పాదంతో వెతికి వెతికి ఆగిపోయాడు.

"మేరా దర్వాజా కిధర్ గయా?" అన్నాడు, తన గుమ్మం ఎటు పోయిందని.

మనవడు లోపలికి నడిపించుకు వెళ్లాడు. మూడు రోజులు ఆయన బయటికి రాలేదు.

మేస్త్రి తిరిగొచ్చి గుమ్మం తడిమి చూశాడు. "పని మంచిగనే చేసినవ్ తమ్మీ. గదే బాధ," అన్నాడు.

నేను పూడ్చింది తీస్తుంటే కింది పాత పొర కూడా ఊడొచ్చింది. "మల్లా చెక్కుత కాకా," అన్నాను.

"చెక్కితే గుంటయితది. ఆయన గుంట ఎట్లయితది?"

తడి సున్నం పరిచి, పెద్దాయనను చెయ్యిపట్టి తెచ్చాడు. "బాబా, ఆప్ బతావ్," అని చోటు ఆయన్నే చూపమన్నాడు. ఆయన చెప్పు విడిచి, పాదాన్ని అటూ ఇటూ జరిపి, ఒకచోట మడమ గట్టిగా నొక్కాడు. సున్నం కాల్చకుండా మేస్త్రి ఆ పాదాన్ని కాలువ నీళ్లతో కడిగాడు. అప్పుడు మేస్త్రి మీద నాకు కలిగిన ప్రేమ మా నాన్న మీద కూడా కలగలేదు.

సున్నం ఆరాక పెద్దాయన గుంటలో మడమ ఆనించి, తిరిగి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వంతెన ఎక్కాడు.

"గిప్పుడైంది పని," అన్నాడు మేస్త్రి.

ఆ ఇంటిని ఇప్పుడు టిక్కెట్టు కొని చూస్తారట. మేస్త్రి లేడు. ఎవరు ఇల్లు బాగుచేయమని పిలిచినా నేను ముందు తాపీ తీయను. ఆ ఇంటి పెద్దవాళ్లను ఒకసారి ఇల్లంతా నడవమని, వాళ్ల వెనకే నడుస్తాను. చాదస్తమని నవ్వుకుంటారు. వాళ్ల కాలు ఎక్కడ కుదురుకుంటుందో, ఆ చోటు మాత్రం నేను ముట్టుకోను.