స్విచ్ పాసైతే ఇంటికి

డేటా సెంటర్‌లో నా పని స్విచ్‌లను పరీక్షించడం. గోడకుండే స్విచ్‌లు కావు. వందలాది కంప్యూటర్ల మధ్య సమాచారాన్ని మహావేగంగా మళ్లించే ఇనప పెట్టెలు. ఆ సమాచారం చిన్న చిన్న ప్యాకెట్లుగా నడుస్తుంది. బిలాస్‌పూర్‌లో నా బతుకూ అలాగే నడిచేది: పాల ప్యాకెట్, పెరుగు ప్యాకెట్, బ్రెడ్ ప్యాకెట్. భార్యా కూతురూ విజయవాడలో. పరీక్ష గదిలో నేనూ, ఫ్యాన్ల హోరూ. పెట్టెకు కేబుళ్లు గుచ్చే పోర్టులన్నీ ఎవరితోనో ఒకరితో మాట్లాడుతూనే ఉండేవి. నాకున్నది ఒక్క నోరు. అదీ ఎక్కువగా టీ తాగడానికే పనికొచ్చేది.

ఆ వేసవి మొదట్లో మా పెద్దసారు, "ఈ కంపెనీ పెట్టె పాసైతే ఇక్కడ నీ పని అయిపోయినట్టే. మర్నాడే రిలీవ్ చేస్తా" అన్నారు. ఫెయిలైతే మళ్లీ టెండరు, మళ్లీ పరీక్షలు, ఇంకో ఏడాది ఇక్కడే. నేను అప్పుడే పాసైపోయినట్టు ఇంటికి ఫోన్ చేసి చెప్పేశాను. మంగ్లా పేటలో నేను అద్దెకుండే ఇంటివాళ్లకూ చెప్పాను. అక్కడే పొరపాటు చేశాను. వాళ్లది తాతల నాటి నుంచీ రైల్వేలో పనిచేస్తూ ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబం. బదిలీ మాట చెవిన పడితే ఆర్డరు వచ్చేదాకా ఆగరు, వీడ్కోలు భోజనానికి ఎసరు పెట్టేస్తారు. ఆదివారం తమ ఇంట్లోనే తినాలన్నారు ఇంటావిడ పిన్నిగారు.

శనివారం చివరి పరీక్ష. ఒక పోర్టు నుంచి ఇంకో పోర్టుకు ఎంత పంపినా అంతవరకూ ఒక్క ప్యాకెట్ కూడా జారలేదు. ఇప్పుడు అన్ని వైపుల నుంచీ ఒకే పోర్టు మీదికి, టెండరులో రాసినంత సేపే, ఒక్కసారిగా తోశాను. ప్యాకెట్లు రాలిపోయాయి. కేబుళ్లు మార్చి మళ్లీ చేశాను. మళ్లీ రాలాయి. పెట్టె అమ్మే కంపెనీ ఇంజనీరుకు ఫోన్ చేస్తే నవ్వాడు.

"అట్ల ఎవరు టెస్ట్ చేస్తరు సార్? పెండ్లిల అందరొక్కసారే బఫే కాడికి ఉరుకుతరా?"

"ఉరుకుతారండీ. అందరికంటే ముందు నేనే ఉంటాను."

"చిన్న విషయం సార్, రాయకుండ్రి. మీరు గూడ ఇంటికి పోవాలె గద."

నిజమే, ఇంటికి పోవాలి. కానీ రాత్రిళ్లు సమాచారానికి నకళ్లు తీసే బ్యాకప్ వేళ అక్కడి కంప్యూటర్లన్నీ చేసేది సరిగ్గా ఆ బఫే పరుగే. 'ఫెయిల్' అని టైపు చేసి, కాసేపు దాన్నే చూస్తూ కూర్చుని, పంపేశాను.

మర్నాడు ఆ సంగతి మింగి భోజనానికి కూర్చున్నాను. ఆనపకాయ పులుసు, గారెలు.

"తినుమీ బాబూ, దార్లో ఇలాటియి దొరకవు" అన్నారు పిన్నిగారు.

"ఏ బండికి ఎల్తన్నావు?" ఆవిడ భర్త బాబాయిగారు అడిగారు.

"వెళ్లడం లేదండీ. ఆ పెట్టె ఫెయిలైంది."

"అచ్ఛా! ఎవులు ఫెయిల్ సేసేరు?"

"నేనే."

"ఏటీ! నువ్వెక్కాల్సిన బండికి నువ్వే ఎర్రజెండా సూపించీసేవా?"

నేనూ నవ్వాను. పిన్నిగారు మాత్రం నవ్వలేదు. ఇంకో గారె వేశారు.

మేడ మీదికి వెళ్లి మా ఆవిడకు ఫోన్ చేశాను. జరిగినదంతా చెప్పాను.

"పాస్ అని రాసి వచ్చేసుంటే మాకు తెలిసేదా?" అంది.

"తెలిసేది కాదు."

"సరే. దానికి మాత్రం మీరే చెప్పండి" అని ఫోన్ పాపకిచ్చింది.

"నాన్నా, ఏ రోజొస్తున్నావ్?"

"ఇప్పుడే కాదమ్మా" అన్నాను. ఆ వెంటనే ఇక్కడ ఎండలు ఎలా ఉన్నాయో చెప్పడం మొదలుపెట్టాను.