ఒక అణాకు ఒక రాత్రి మంద

నేను బెజవాడ నుంచి పంపు బిగించడానికి నల్లగొండ వెళ్లిన రోజే అక్కడ ఫుట్‌బాల్ పోటీ! మైదానం గేటు దగ్గర మల్లయ్య అనే గొర్రెల కాపరి గొంగడి భుజాన వేసుకుని దిగాలుగా నిలబడ్డాడు.

"నిరుడు టిక్కెట్టు అణా. గీయేడు నాలుగణాలంట! నా తాన మూడే ఉన్నయి సారూ."

తక్కువైన అణా నేనిస్తానన్నాను.

"ఉత్తగనా? వద్దు. మీ చేన్ల ఒక రాత్రి నా మందను పండవెడ్త, మంచి ఎరువైతది."

"నాకు చేను లేదయ్యా!"

"గింత సదువుకొని చేను లేదా? ఎప్పుడన్న కొంటరు గద, గప్పుడు కబురు పెట్టుండ్రి."

సరేనన్నాకే అణా తీసుకున్నాడు. ఇద్దరం టిక్కెట్లు కొనేసరికి లోపల ఈల మోగింది. నా చెయ్యి పట్టుకుని అరవై గజాలు పరుగెత్తించాడు. నా ఎడమకాలి చెప్పు గేటు దగ్గరే ఉండిపోయింది గానీ, మొదటి గోలు చూడటం మా ఇద్దరికీ దక్కింది!